రాతిపొరల వయస్సు: కోట, మలేరి గ్రామముల సాక్ష్యము

తేదీ చినిగిపోయిన పాత పహాణీ పుట యొకటి పట్వారీ చేతికి వచ్చినదనుకొందము. అది ఏ కాలపుదో అతడెట్లు నిర్ణయించును? అందలి పట్టాదారుల పేర్లను చూచును. తాత పేరున్న పుట ముందుది, మనుమని పేరున్న పుట తరువాతిది. భూశాస్త్రజ్ఞులు రాతిపొరల వయస్సును తెలిసికొను మార్గమును ఇట్టిదే. ఆ పొరలలో పేర్లకు బదులు శిలాజములుండును. పూర్వజీవుల యెముకలు, పండ్లు, గుల్లలు, ఆకుల ముద్రలు రాతిలో నిలిచిపోయినచో వానిని శిలాజములందురు.

క్రింది పొర పాతది, పై పొర క్రొత్తది యను న్యాయము పూర్వమే తెలిసినది. కాని ఒక ఊరి పొరకును మరియొక ఊరి పొరకును సంబంధము తెలియుట యెట్లు? ఈ చిక్కును విడదీసినవారిలో ముఖ్యుడు విలియం స్మిత్ అను ఆంగ్లేయుడు. వృత్తిచే అతడు భూమి కొలుచువాడు, ఉన్నత విద్యాలయములలో చదివినవాడు కాడు. కాలువల త్రవ్వకములలో పనిచేయుచు, ప్రతి పొరకును దానికే చెల్లు శిలాజములు కలవనియు, వాని వరుస తారుమారు కాదనియు గ్రహించెను. 1815లో తన దేశపు పొరలను రంగులతో చూపు గొప్ప పటమును ప్రకటించెను.

రాయికల్ చుట్టుపట్ల గుట్టలలో శిలాజములకై వెదకుట వ్యర్థము. ఈ శిలలు భూగర్భపు వేడిమిలో రూపొందినవి, అతి ప్రాచీనములు. కాని ధర్మపురి మీదుగా పోవు గోదావరి వెంట దిగువకు సాగినచో, రామగుండము చెంత భూమి స్వభావము మారును. అచట ఇసుకరాయి, బొగ్గు, మట్టిరాయి పొరలుపొరలుగా నున్నవి. బొగ్గును అంటియున్న పొరలలో నాలుక వంటి ఆకుల ముద్రలు దొరకును. ఆ చెట్టు పేరు గ్లాసోప్టెరిస్. ఆఫ్రికాలోను, ఆస్ట్రేలియాలోను, దక్షిణ అమెరికాలోను ఈ ఆకే కనబడుటచేత ఆ పొరలన్నియు ఒక యుగమునకు చెందినవని తేలినది.

ఇంకను దిగువన కాళేశ్వరమువద్ద ప్రాణహిత గోదావరిలో కలియును. ప్రాణహిత తీరమున కోట యను గ్రామము కలదు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనిది మలేరి. ఈ రెండు చిన్న గ్రామముల పేర్లు ప్రపంచ భూశాస్త్ర గ్రంథములలో నిలిచియున్నవి. కోటవద్ద సున్నపురాతిలో మెరుగు పొలుసుల చేపలు దొరకి, 1851లో పండితులకు వెల్లడియైనవి. మలేరి ఎఱ్ఱమట్టిలో ఊపిరితిత్తుల చేపల పండ్లును, ముక్కువంటి మూతిగల సరీసృపముల యెముకలును లభించినవి. ఇట్టి సరీసృపమే స్కాట్లండులోని ఎల్గిన్ ఇసుకరాతిలోను దొరకుట చూచి, 1869లో హక్స్‌లీ పండితుడు ఆ రెంటిని పోల్చి వ్రాసెను. సముద్రముల కావలి రాయి మలేరి రాతికి సాక్షి యైనది.

కాని ఇక్కడనే ఒక చిక్కు పుట్టెను. కోట చేపలు జురాసిక్ యుగమును సూచించుచుండగా మలేరి జంతువులు అంతకు ముందరి ట్రయాసిక్ యుగమును సూచించినవి. అయినను ఆ రెండు పొరలును 'కోట-మలేరి' అను జంటపేరుతో చాలకాలము ఒక్క వర్గముగానే వ్యవహరింపబడినవి. తాత పేరును మనుమని పేరును ఒకే పుటలో చేర్చినట్లాయెను. 1950వ దశకపు చివరనుండి భారత గణాంక సంస్థవారు ఆ ప్రదేశమున కాలినడకను తిరిగి, ఏ యెముక ఏ పొరలో నున్నదో పటములో గుర్తించిరి. 1969లో కుట్టి యను శాస్త్రజ్ఞుడు మలేరికి పైన, కోటకు క్రింద ధర్మారం అను మరియొక పొర కలదని ప్రకటించెను. మలేరి పొర యించుమించు 22 కోట్ల యేండ్లనాటిదనియు, కోట పొర యించుమించు 18 కోట్ల యేండ్లనాటిదనియు నేటి అంచనా. ఒక్క పుటగా తోచినదానిలో నాలుగు కోట్ల యేండ్ల చరిత్ర ఇమిడియున్నది.

ఆ సంస్థవారే పోచంపల్లి సమీపమున కోట పొరలో ఒక మహాసరీసృపపు యెముకలను త్రవ్వి తీసిరి. రవీంద్రనాథ ఠాగూరు పేర దానికి 1975లో 'బరపసారస్ టాగోరీ' అని నామకరణము జరిగెను. యామనపల్లి వద్ద దొరకిన మరియొక దానికి 1988లో యాదగిరి యను శాస్త్రజ్ఞుడు 'కోటసారస్' అని పేరిడెను. దాని కంకాళము హైదరాబాదు బిర్లా విజ్ఞాన కేంద్రమున నిలుపబడినది.

ఇచట ఒక విషయము గమనింపదగినది. శిలాజము ముందువెనుకల వరుసను మాత్రమే చెప్పును, ఇన్ని సంవత్సరములని చెప్పజాలదు. సంవత్సరముల లెక్క మరియొక మార్గమున వచ్చును. అగ్నిపర్వతముల లావాలో, బూడిదలో నున్న కొన్ని ధాతువులు నియత వేగమున క్షయించుచుండును. ఎంత క్షయించినదో కొలిచి కాలము గణింతురు. వరుస ఒకరు చెప్పగా సంఖ్య మరియొకరు చెప్పుదురు. ఇరువురి మాటయు కలిసినప్పుడే తీర్పు స్థిరపడును.

కనుక శిలాజము విలువ దాని చోటులో నున్నది. దస్తరమునుండి చించిన పుటకు సాక్ష్యబలము తగ్గినట్లే, పొరనుండి పెకలించి ఇంటికి తెచ్చిన యెముక చాలవరకు మూగవోవును. గోదావరి తీరమున బావి త్రవ్వునప్పుడో, దుక్కి దున్నునప్పుడో రాతిలో యెముక వంటిది కనబడినచో, దానిని పగులగొట్టక, కదలింపక, చోటును గుర్తుంచుకొని తెలిసినవారికి తెలుపుట గ్రామీణుల ధర్మము. గ్రంథాలయమున పుస్తకము తీసినవారు దానిని తీసిన చోటనే ఉంచవలెనను నియమము కలదు. భూమి యను గ్రంథాలయమునకును నియమ మదియే.