మంచు మీద జారి పడ్డారా? న్యూజెర్సీలో ఏం చేయాలి

పని చేసేచోట మంచు మీద జారి పడితే "ఏం కాలేదులే" అని ఊరుకోకండి. ఓనర్‌కి అప్పుడే మెసేజ్ పెట్టండి. 90 రోజులు దాటితే హక్కే పోవచ్చు. మంచు కరిగేలోపు ఫొటో తీయండి. చూసినవాళ్ల నంబర్లు తీసుకోండి.

వర్కర్స్ కాంపెన్సేషన్‌లో తప్పెవరిదని చూడరు. వైద్యం ఖర్చు ఓనర్ ఇన్సూరెన్స్‌దే. డాక్టర్ని మామూలుగా వాళ్లే చెబుతారు. ఎమర్జెన్సీ అయితే నేరుగా ఆస్పత్రికి పోండి, పనిలో పడ్డానని చెప్పండి. ఏడు రోజులకు మించి పనికి పోలేకపోతే వారం జీతంలో 70 శాతం వస్తుంది, గరిష్ఠ పరిమితి ఉంది. 2022 నుంచి ఓనర్ చూపిన పార్కింగ్‌లో పడినా వర్తిస్తుంది.

పేపర్లు లేకున్నా ఈ హక్కు ఉంది. "ఇంట్లో పడ్డానని చెప్పు, క్యాష్ ఇస్తా" అంటే ఒప్పుకోకండి. ఇవ్వనంటే రెండేళ్లలోపు క్లెయిమ్ పిటిషన్ వేయండి.