పెరటి తెల్లగడ్డ: లెక్కకెక్కని పంట చరిత్ర

ఉద్దేశం

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– రెవెన్యూ రికార్డుల్లో కనిపించని పంట చరిత్రను ఏ ఆధారాలతో రాయవచ్చో వివరించగలుగుతారు.
– నిషేధాలు, వైద్య గ్రంథాలు, వాడుక మాటలను చారిత్రక ఆధారాలుగా పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

పెనుకొండ దగ్గరి ఎర్రమంచి పేరు 2017 తరువాత చాలామందికి తెలిసింది. ఆ ఏడాది కియా సంస్థ అక్కడ కార్ల కర్మాగారం పెట్టడానికి రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 2019లో కార్ల ఉత్పత్తి మొదలైంది. పెనుకొండ సంగతి అంతకంటే పాతది. 1565 తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర పాలకులకు అది రాజధాని అయింది. ఈ రెండు ఘటనలకూ తేదీలున్నాయి, పత్రాలున్నాయి. ఇదే సీమలో ఇంటి వెనుక రెండు చిన్న మళ్ళలో పెంచుకునే తెల్లగడ్డకు చరిత్ర రాయాలంటే ఎక్కడ వెతకాలి?

2. రికార్డుల్లో ఎందుకు లేదు?

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడు. అప్పటినుంచి ఇది దత్తమండలాల్లో భాగం. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1802లో పొలాల సర్వే మొదలుపెట్టించాడు. భూమిని మెట్ట, మాగాణి, తోటగా విడదీసి శిస్తు కట్టారు. ఇళ్ళున్న గ్రామకంఠం మీద మాత్రం శిస్తు లేదు. పెరడు ఆ గ్రామకంఠంలోనిదే. శిస్తు లేని చోట పండిన దాన్ని రాసిపెట్టవలసిన అవసరం ఏ అధికారికీ రాలేదు. అందువల్ల రికార్డులో లేదంటే ఊళ్ళో లేదని అర్థం చేసుకోకూడదు.

3. భాష చెప్పేది

వెల్లుల్లి అంటే తెల్లని ఉల్లి. కన్నడంలో బెళ్ళుళ్ళి అన్నా అర్థం అదే. రాయలసీమలో ఉల్లిని ఎర్రగడ్డ అనీ, దీన్ని తెల్లగడ్డ అనీ రంగును బట్టి వేరు చేస్తారు. తెలంగాణలో ఇది ఎల్లిగడ్డ. మొక్క పుట్టిల్లు మధ్య ఆసియా. అయినా మనవాళ్ళు పరాయి పేరును అరువు తెచ్చుకోకుండా, ఎరిగిన ఉల్లితో పోల్చి సొంత మాటతో పేరు పెట్టుకున్నారు.

4. నిషేధమూ ఆధారమే

మనుస్మృతి ద్విజులకు వెల్లుల్లిని నిషేధించింది. బౌద్ధ వినయపిటకం భిక్షుణులకు వద్దన్నది. అక్కడి కథ ఆసక్తికరమైనది. ఒక గృహస్థు భిక్షుణులకు వెల్లుల్లి ఇస్తానన్నాడు. ఇంట్లో నిల్వ అయిపోవడంతో పొలానికి వెళ్ళి తెచ్చుకోమన్నాడు. వారు మితిమీరి తవ్వుకుపోగా ఈ నియమం వచ్చింది. నియమం మాట ఎలా ఉన్నా, వెల్లుల్లిని పొలంలో సాగుచేసేవారనీ, ఇంట్లో నిల్వ పెట్టేవారనీ ఈ కథ వల్ల తెలుస్తుంది.

1890లో మధ్య ఆసియాలోని కూచా వద్ద దొరికిన బోవర్ వ్రాతప్రతి సుమారు 4–6 శతాబ్దాలనాటిది. అందులోని మొదటి గ్రంథం వెల్లుల్లి గుణాలతోనే మొదలవుతుంది. అమృతం తాగిన అసురుని తల విష్ణువు నరికినప్పుడు రాలిన చుక్కల నుంచి ఇది పుట్టిందనీ, అందుకే ద్విజులు తినరనీ చెబుతుంది. ఆవుకు వెల్లుల్లి మేపి, ఆ పాలు వారికి ఇవ్వవచ్చని దారి కూడా చూపుతుంది! తినకూడదన్నవారికీ దీని మందుగుణం అవసరమైందన్నమాట. మన ఇళ్ళలో బాలింతకు పెట్టే వెల్లుల్లి కారం వెనుక ఉన్నదీ ఈ నమ్మకమే.

కొరియాలో ఇందుకు భిన్నమైన కథ ఉంది. 13వ శతాబ్దపు సంగుక్ యూసా గ్రంథంలో ఒక ఎలుగుబంటి వెల్లుల్లి, మాచిపత్రి జాతి ఆకు తిని స్త్రీగా మారి, ఆ దేశపు తొలి రాజుకు తల్లి అవుతుంది. ఎర్రమంచి కర్మాగారం పెట్టింది ఆ దేశపు సంస్థే.

5. పెరట్లో సాగు

వానలు తగ్గాక, అక్టోబరు–నవంబరు నెలల్లో రెబ్బలు విడదీసి, మొన పైకి ఉండేలా అంగుళం లోతున, జానెడులో సగం ఎడంతో నాటుతారు. నీరు నిలిస్తే కుళ్ళుతుంది. తగినంత చలి తగలకపోతే గడ్డ రెబ్బలుగా విడదు. మైదాన ప్రాంతాల కంటే ఎత్తుగా ఉన్న పెనుకొండ, హిందూపురం వైపు శీతకాలపు రాత్రులు ఇందుకు కొంత అనుకూలం. నాలుగు నెలలకు ఆకులు పండుబారుతాయి. అప్పుడు నీరు ఆపి, తవ్వి, ఆకులతోనే జడలా అల్లి గాలి తగిలే నీడలో వేలాడదీస్తారు.

చరిత్ర విద్యార్థి గమనించవలసింది ఇక్కడే ఉంది. సాగులో ఉన్న వెల్లుల్లికి విత్తనం పట్టదు, రెబ్బే విత్తనం. ఈ ఏటి మొక్క నిరుటి గడ్డలోని ముక్క. ఏటేటా ఎవరో ఒకరు కొన్ని గడ్డలు వండకుండా దాచి, మళ్ళీ నాటితేనే ఆ రకం నిలుస్తుంది. చాలా ఇళ్ళలో ఆ పని చేసినది ఆడవాళ్ళు. ఇప్పుడు సంతకు వచ్చే సరుకులో ఎక్కువ భాగం మధ్యప్రదేశ్, రాజస్థాన్, గుజరాత్ వంటి రాష్ట్రాలది. పెరళ్ళు గదులుగా, అద్దె ఇళ్ళుగా మారిన చోట దాచిన గడ్డను నాటే జాగా లేదు. ఒక్క ఏడు నాటడం మానితే ఆ ఇంటి రకం పోతుంది. దాని పేరు చెప్పే కాగితం కూడా ఉండదు.

6. సారాంశం

శిస్తు పడని పంట రికార్డుల్లోకి రాలేదు. దాని చరిత్రను మాటల్లో, నిషేధాల్లో, వైద్యంలో, నాటేవారి జ్ఞాపకాల్లో వెతకాలి. వీటిలో మొదటి మూడూ గ్రంథాల్లో, వాడుకలో నిలిచి ఉంటాయి. జ్ఞాపకాలను మాత్రం ఆ పెద్దలు ఉండగానే రాసుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మన్రో సర్వేలో పెరటి పంటలు ఎందుకు కనిపించవు?
2. ఒక నిషేధం సాగుకు ఆధారం ఎలా అవుతుంది? వినయపిటకంలోని కథతో వివరించండి.
3. మీ ఇంట్లో గానీ వీధిలో గానీ ఒక పెద్దామెను కలిసి, ఆమె పెరట్లో ఏమేమి నాటేవారో, విత్తనం ఎక్కడ దాచేవారో, ఎప్పుడు, ఎందుకు మానేశారో అడిగి రెండు పుటలు రాయండి.