నాయన రేడియో గొంతు

బర్గూరులో మా ఇంటి అటక మీద ముప్పై ఏండ్లుగా పడి ఉన్న నాయన వాల్వు రేడియోను ఈ నెల కిందికి దించినాము. మేము రైల్వేలో గుమాస్తాగా రిటైరైనోళ్ళం, మెకానిక్కు కాము. చదివిందీ తమిళ మీడియం. మాకు తెలుగు నేర్పిన బడి ఆ రేడియోనే, అందుకే ఈ రాత.

మద్రాసులో ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు 1924లోనే ప్రసారాలు మొదలుపెట్టింది. డబ్బు చాలక 1927లో ఆగిపోతే, 1930లో కార్పొరేషను అందుకొంది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం వచ్చింది. అందులో తమిళమూ తెలుగూ రెండూ వినిపించేవి. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో భాషా రాష్ట్రాలు ఏర్పడినాయి. హోసూరు, కృష్ణగిరి పక్క మన పల్లెలు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయినాయి. సరిహద్దు నేల మీదనే గానీ మీడియం వేవుకు లేదు. రాత్రిపూట ఆ తరంగాలు ఆకాశంలో పైపొరకు తగిలి చాలా దూరం పోతాయి. అట్ల భోజనాలైనాక విజయవాడ మా ఇంట్లో పలికేది. "బళ్ళో అరవం, ఇంట్లో ఇదే మీ వాచకం" అనేవాడు నాయన.

పాత కెపాసిటర్లు మార్చే పని తెలిసిన మెకానిక్కు చేసి ఇచ్చినాడు. వాల్వులు వెలిగినాయి, గొంతు మాత్రం గరగర. కొత్త స్పీకరు వేసుకోమన్నాడు. మాకు మనసు రాలేదు. నాయన విన్నది ఈ కాగితం గుండానే కదా.

ఇట్లాంటి స్పీకరును 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు లోకానికి చూపించినారు. కాగితం కోను, దాని మొదట్లో సన్న తీగ చుట్ట, వెనక అయస్కాంతం. చుట్టలో కరెంటు ఆడితే కోను ఆడుతుంది, కోనుతో గాలి ఆడుతుంది.

ముందు ప్లగ్గు పీకి, కెపాసిటర్లలో నిలిచిన కరెంటు పోయిందని చూసుకొన్నాకనే చెయ్యి పెట్టినాము. వాల్వు సెట్టులో రెండువందల ఓల్టులకు పైనే ఉంటుంది. స్పీకరు తీగలు విడదీసి ఒకటిన్నర ఓల్టు బ్యాటరీ తాకిస్తే 'టక్' మంది. చుట్ట తెగలేదు. కోనును మెల్లగా నొక్కితే రాసుకొంటా ఉంది. మధ్యలోని దుమ్ము మూత తీసి, సందులోని తుప్పుపొడిని టేపుతో లాగినాము. స్పైడర్ మర వదులుచేసి, పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్కలు చుట్టూ దూర్చి, చుట్టను సరిగ్గా మధ్యకు నిలిపి బిగించినాము. చిట్లిన అంచుకు పలుచని టిష్యూ కాగితం, నీళ్ళు కలిపిన ఫెవికాల్. జిగురు ఎక్కువైతే కోను బరువెక్కి గొంతు మొద్దుబారుతుంది. మొదటిసారి మేము అదే తప్పు చేసి, తడిపి తీసి మళ్ళీ అతికినాము. ఒకమాట: స్పీకరు తగిలించకుండా వాల్వు రేడియో వేయొద్దండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

రెండు రోజులు ఆరబెట్టి వేస్తే, మొదట పలికింది తమిళ వార్తలు. రాత్రి పొద్దుపోయినాక ముల్లు మెల్లగా తిప్పితే ఎక్కడో సన్నగా తెలుగు. ఏ కేంద్రమో చెప్పేలోపల జారిపోయింది. పక్కనున్న మనవరాలు అడిగింది: "తాతా, వీళ్ళు మన మాదిరి మాట్లాడరే?"

ఆ మాట మమ్మల్ని పట్టుకొంది. అన్నేండ్లు విన్నాము గానీ, ఆ పెట్టెలోనుంచి మన బర్గూరు తెలుగు ఎన్నడూ విన్న గుర్తు లేదు. కోను అతికించుకోగలిగినాము. నాయన మాటను మాత్రం ఎవరమూ పట్టి పెట్టుకోలేదు. అప్పుడు మా దగ్గర టేపు రికార్డరు లేదు. ఇప్పుడు అందరి చేతిలో ఫోను ఉంది. ఇంట్లో ఎనభై దాటిన పెద్దలుంటే, ఈ ఆదివారం పక్కన కూర్చోండి. సేద్యమో, సంతో, పెండ్లి పాటో, వాళ్ళ నోట చెప్పించి రికార్డు చేయండి. సంఘం తరఫున ఒకచోట చేర్చి పెట్టే పని మేము చేస్తాము.