రాత్రింబవళ్లూ కాపలా

1993 మార్చి 8. తెల్లవారుజాము. హైదరాబాద్‌లో బయల్దేరిన ఆర్టీసీ బస్సు చిలకలూరిపేట చేరబోతోంది. దిగాల్సిన ఊరు దగ్గరపడింది. ప్రయాణికుల్లో ఇద్దరు కుర్రాళ్లు పెట్రోలుతో ఎక్కారు. ఇద్దరూ ఇరవైల్లో ఉన్నవాళ్లే, ఈ గుంటూరు వైపు దళిత కుటుంబాల పిల్లలు. వాళ్ల ఉద్దేశం దోపిడీ అని కోర్టులు తర్వాత తేల్చాయి. పెట్రోలు చల్లారు, నిప్పంటుకుంది. 23 మంది కాలిపోయారు.

గాయపడ్డవాళ్లు ఆసుపత్రిలో చెప్పిన మాటల్ని మేజిస్ట్రేటు మరణ వాంగ్మూలాలుగా రాసుకున్నారు. అలా చెప్పినవాళ్లలో ఇద్దరు బతికారు. బతికి ఉన్న మనిషి మాట మరణ వాంగ్మూలం ఎలా అవుతుందన్న చిక్కు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. లా చదివే పిల్లలు ఇప్పటికీ సాక్ష్యాల చట్టం పాఠంలో ఈ కేసును చదువుతున్నారు. ఆ ఇరవై ముగ్గురి ఇళ్లలో ఏం జరిగిందో మాత్రం ఏ పాఠంలోనూ లేదు.

1995లో ఇద్దరికీ ఉరిశిక్ష పడింది. హైకోర్టు ఖరారు చేసింది. 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా కాదనలేదు. రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ దగ్గరికి వెళ్లిన క్షమాభిక్ష అర్జీ తిరిగొచ్చింది. 1997 మార్చి నెలాఖరుకు రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉరికి ముహూర్తం పెట్టారు.

ఆ రోజుల్లో వాళ్లను ఉంచిన గదుల్లో ఏం జరిగి ఉంటుందో చెప్పడానికి పెద్దగా ఊహ అక్కర్లేదు. జరగాల్సిందంతా చట్టం రాసిపెట్టింది. 1894 నాటి జైళ్ల చట్టం, 30వ సెక్షన్. ఉరిశిక్ష పడ్డ ఖైదీ లోపలికి రాగానే ఒళ్లంతా సోదా చేయాలి. అతని దగ్గర ఉండటం ప్రమాదమని జైలరుకు తోచిన ప్రతి వస్తువూ తీసేసుకోవాలి. మిగతా ఖైదీలకు దూరంగా వేరే గదిలో ఉంచాలి. పగలూ రాత్రీ ఒక కాపలా మనిషి కళ్లెదుట ఉంచాలి. అర్జీలన్నీ అయిపోయి ఇక దారి లేనివాడికే ఈ సెక్షన్ వర్తిస్తుందని 1978లో సునీల్ బాత్రా కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ వివరించారు. 1997 మార్చిలో రాజమండ్రిలో ఉన్న ఈ ఇద్దరూ సరిగ్గా ఆ స్థితిలోనే ఉన్నారు.

అంటే గది బయట వార్డర్ కూర్చుంటాడు. లోపలివాడు పక్కకు దొర్లితే తలెత్తి చూస్తాడు. అన్నం వదిలేస్తే పైకి కబురు పెడతాడు. డ్యూటీ మారేటప్పుడు వచ్చినవాడికి చెప్పి వెళ్తాడు: "కునుకు తీయకు, చూస్తూ ఉండు. వాడికేమన్నా అయితే మన ఉద్యోగాలు పోతాయి." ఈ మాటలు నేను కల్పించినవే. ఆ డ్యూటీ మాత్రం కల్పించింది కాదు. వాళ్లను బతికించాలి. ఎందుకంటే తారీకు నాడు ప్రభుత్వమే చంపాలి. అంతకుముందు వాళ్లంతట వాళ్లు పోవడానికి వీల్లేదు.

పోలేదు కూడా. ఉరి చివరి ఘడియల్లో ఆగింది. పౌరహక్కులవాళ్లు, న్యాయవాదులు, ఎక్కడో బెంగాల్ నుంచి రచయిత్రి మహాశ్వేతాదేవి ఆ ఇద్దరి కోసం పట్టుబట్టారు. కె.ఆర్. నారాయణన్ రాష్ట్రపతి అయ్యాక, 1998లో శిక్ష యావజ్జీవంగా మారింది. ఆ తీర్పు సరైనదా, ఆ దయ సరైనదా అన్నది వేరే గొడవ. చిలకలూరిపేటలో ఇప్పటికీ దానిమీద రెండు మాటలు వినిపిస్తాయి. నన్ను పట్టుకున్నది మరొకటి. ఇరవైల్లో ఉన్న కుర్రాణ్ని నాలుగు గోడల మధ్య ప్రాణాలతో ఉంచడం ఎలాగో సర్కారుకు తెలుసు. వందేళ్ల కిందటే కాగితం మీద పెట్టింది. సోదా చెయ్యి, ప్రమాదమైనవి తియ్యి, మనిషిని కాపలా పెట్టు. ఉరికంబం దాకా నడిపించాల్సినవాడి విషయంలో దీన్ని తప్పకుండా పాటిస్తుంది.

ఇక ఈ నేల మీదే ఇంకో కుర్రాడు. ఇతను ఏ ఒక్కడూ కాడు. మిరప కోతల కాలంలో పల్నాడులోనో దర్శి వైపో ఏ సబ్ జైలు గేటు దగ్గర కాసేపు నిలబడినా ఇలాంటివాడు కనిపిస్తాడు. వయసు పందొమ్మిది. కేసు బైకు దొంగతనం కావచ్చు, గంజాయి పొట్లం కావచ్చు, పిల్ల ఇంట్లోవాళ్లు పెట్టిన పోక్సో కావచ్చు. కోర్టు రిమాండ్ వేసేసరికి సాయంత్రమైంది. జైలుకు చేరేసరికి లెక్క పెట్టి తాళాలు వేసే వేళైంది.

"ఏందిరా, మొదటిసారా?"

"అవును సార్."

"బెల్టు, మొలతాడు తీసి అక్కడ పెట్టు. ఏమన్నా జబ్బులున్నయ్యా?"

"లేవు సార్."

ఒంటి మీద దెబ్బలున్నాయా అని చూశారు, పుట్టుమచ్చలు రాసుకున్నారు. లోపల ఏం నడుస్తోందని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాడు కాదేమో. ఊళ్లో అందరికీ తెలిసిపోయి ఉంటుంది. అమ్మ కూలి మానుకుని ములాఖత్‌కి రావాలి. కోతల్లో ఒక్క రోజు పోతే ఆ పూట ఇల్లు గడవదు. బెయిలుకు జామీను ఎవరు నిలబడతారు? నాన్న వస్తాడా? అసలు నాన్న మొహం ఎలా చూడాలి? మూల కిటికీకి ఇనప ఊచలున్నాయి, పైన ఫ్యానుంది. రాత్రి కాపలాకు ఉన్న మనిషి ఒక్కడే. అతను చూసుకోవాల్సిన గదులు నాలుగో ఐదో.

జైల్లో బలవన్మరణాల మీద పనిచేసిన వాళ్లంతా ఎక్కడైనా మొదట చెప్పేది ఇదే: అసలు గండం మొదటి గంటలది, మొదటి వారానిది. శిక్ష పడ్డవాడి కంటే విచారణలో ఉన్నవాడికి ఎక్కువ. ముదిరిన ఖైదీ కంటే కొత్తగా వచ్చిన కుర్రాడికి ఎక్కువ. మన జైళ్లలో నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే.

జైళ్ల దుస్థితి మీద 2018లో సుప్రీంకోర్టు జస్టిస్ అమితవ రాయ్ కమిటీ వేసింది. 2017 నుంచి 2021 దాకా దేశంలోని జైళ్లలో 817 అసహజ మరణాలు నమోదయ్యాయని ఆ కమిటీ లెక్క తేల్చింది. వాటిలో 660 ఆత్మహత్యలు. కొట్లాటలు, హత్యలు, ప్రమాదాలు అన్నీ కలిపినా ఆ మిగిలిన 157లోనే. ఉరికి వీలివ్వని గదులు, బ్యారక్‌లు కట్టాలని, బరువు పడితే ఊడిపోయే సామగ్రి వాడాలని కమిటీ చెప్పింది. 2023 జూన్‌లో జాతీయ మానవ హక్కుల కమిషన్ కూడా రాష్ట్రాలకు రాసింది. ఊచలు, ఫ్యాన్లు, కొక్కేలు లేకుండా చూడండి, వచ్చిన రోజే మానసిక స్థితి పరీక్షించండి, సిబ్బందికి ప్రాథమిక చికిత్స నేర్పండి అని. ఆస్ట్రేలియాలో ఆదివాసుల కస్టడీ మరణాల మీద రాయల్ కమిషన్ 1991లోనే ఇలాంటి మాటే చెప్పింది. 99 మంది చావుల్ని ఒక్కొక్కటిగా తిరగతోడి మరీ చెప్పింది.

ఇక్కడే మనవాళ్లు ఒక మాట అంటారు. జైలు సిబ్బంది అంటారు, ఊళ్లో పెద్దలూ అంటారు: "చావాలనుకున్నోడు ఎట్టయినా చస్తాడండీ. ఊచ తీసేస్తే ఆగుతాడా?"

ఈ మాట పత్తి, మిరప పండించే చోట వినడమే వింత. ఈ మాట తప్పని ఈ మైదానం కంటే బాగా తెలిసిన చోటు ఎక్కడుంది? ఇక్కడ ఇంట్లో మందు డబ్బా ఉంటుంది. తెల్లదోమ మీద కొట్టడానికి తెచ్చింది, పచ్చపురుగు మీద కొట్టడానికి తెచ్చింది, కొట్టగా మిగిలింది. అప్పు గొడవో, భార్యాభర్తల తగువో, పరీక్ష తప్పడమో. ఆవేశం వచ్చిన అరగంటలో చెయ్యి డబ్బా మీద పడుతుంది. ఆ అరగంటలో డబ్బా అందుబాటులో లేకపోతే? శ్రీలంక అదే చేసి చూసింది. మోనోక్రోటోఫాస్ లాంటి మందుల్ని 1995లో ఆపేసింది, తర్వాత మరికొన్నింటిని. చావాలనుకున్నవాళ్లు వేరే దారి వెతుక్కుంటారని అక్కడా అన్నారు. రెండు దశాబ్దాల్లో ఆ దేశంలో ఆత్మహత్యల రేటు 70 శాతం దాకా పడిపోయింది. వ్యవసాయం కుంటుపడలేదు. అదే మోనోక్రోటోఫాస్‌ను మన దేశం ఆపుతూ ఉత్తర్వులిచ్చింది 2023లో. మధ్యలో ఇరవై ఎనిమిదేళ్లు.

ఊచల సంగతీ అంతే. ఆ ఘడియ దాటితే మనిషి నిలబడతాడు. నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది మళ్లీ ఆ దారి పట్టరు. గది కట్టే మేస్త్రీకి ఈ విషయం తెలిసి ఉండాలి. గదికి టెండరు పిలిచే ఇంజనీరుకు ఇంకా బాగా తెలిసి ఉండాలి.

అయితే గది మార్చడం ఒక్కటే మందనుకుంటే ఇంకో తప్పులో పడతాం. ఫ్యాను, ఊచలు, దుప్పటి, లుంగీ అన్నీ తీసేసి, ఉత్త గోడల మధ్య పిల్లాణ్ని ఒంటరిగా పడేస్తే సాధించేదేమీ లేదు. మే నెలలో గుంటూరు ఎండకు ఫ్యాను లేని గది ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? 30వ సెక్షన్‌లోని వార్డర్ కూడా చూసేవాడే తప్ప మాట్లాడేవాడు కాడు. ఉరిశిక్ష పడ్డవాడికి అది చాలని 1894లో అనుకున్నారు. కొత్త ఖైదీకి అది చాలదు, అతని మాట వినే మనిషి కావాలి.

1990లో వేల్స్‌లోని స్వాన్సీ జైల్లో పదిహేనేళ్ల పిల్లాడు ప్రాణం తీసుకున్నాడు. మరుసటేడు అదే జైల్లో సమారిటన్స్ సంస్థ ఒక ప్రయోగం మొదలుపెట్టింది. ఖైదీల్లోంచే కొందర్ని ఎంచుకుని, ఎదుటివాడి బాధ వినడం నేర్పి, రాత్రివేళ పిలిస్తే వచ్చి కూర్చునేలా ఏర్పాటు చేసింది. తర్వాత బ్రిటన్‌లో దాదాపు అన్ని జైళ్లకూ అది పాకింది. మన మానవ హక్కుల కమిషన్ చెప్పిన తోటి ఖైదీ తోడు కూడా ఇలాంటిదే. మన సబ్ జైళ్లలో ఇది కష్టమేం కాదు. బ్యారక్‌లో పెద్ద వయసు ఖైదీ ఒకడు ఉండనే ఉంటాడు. కొత్త కుర్రాడికి జాగా చూపించి "అన్నం తిన్నావా అబ్బాయ్" అని అడిగేవాడు. ఆ పని అతను ఇప్పుడు తనకు తోచి చేస్తున్నాడు. రేపు ఆ బ్యారక్‌లో అతను లేకపోతే అడిగేవాడు లేడు. దాన్ని జైలు చేయించే పనిగా మార్చాలి, అతనికి శిక్షణ ఇవ్వాలి, అతను శిక్ష పడ్డవాడైతే దానికి ప్రతిఫలంగా శిక్షలో కాస్త రెమిషన్ ఇచ్చినా నష్టం లేదు.

అమితవ రాయ్ కమిటీ సిఫారసుల్లో భవనాల జోలికి పోనిది ఒకటుంది. జైలుకు కొత్తగా వచ్చిన ప్రతి ఖైదీకీ మొదటి వారం రోజులు రోజుకొకసారి ఇంటికి ఉచితంగా ఫోన్ చేసుకోనివ్వాలి అన్నది అది. సిమెంటు అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు. ఆ పందొమ్మిదేళ్లవాడికి మొదటి రాత్రే ఆ ఫోన్ దొరికిందనుకోండి. అవతల కోతల నుంచి అప్పుడే ఇంటికొచ్చిన అమ్మ ఎత్తుతుంది. తిడుతుంది, ఏడుస్తుంది. చివరికి, "ఆదివారం వస్తాను, నాన్న కూడా వస్తానన్నాడు, పిచ్చి పనులు చెయ్యబాకు" అంటుంది.

(మనసు బాగోలేక ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే కేంద్ర ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు. కాల్ ఉచితం.)