ఒడ్డు లేని ఊళ్లో ఓడ

ఓడ బొమ్మలు చేసేవాళ్ల చరిత్ర తిరగేస్తే చెక్కకూ జిగురుకూ ఎంత చోటుందో, పక్కన నిలబడి చేయందించిన మనిషికీ అంతే చోటుంది.

ఆ చరిత్రలోకి మనకు తెలిసిన ఒక చెరసాల మీదుగానే వెళ్దాం. సంగారెడ్డి పాత జైలు 1796 నాటిదని చెబుతారు. 2016లో అక్కడ మ్యూజియం తెరిచి, 500 రూపాయలు కట్టినవాళ్లను ఒక రోజంతా ఖైదీలా లోపల ఉండనివ్వడంతో ఊరి పేరు దేశమంతా మోగింది. ఆ జైలు కట్టారన్న ఏడాది దాటగానే, 1797లో, ఇంగ్లండ్‌లోని పీటర్‌బరో పట్నం దగ్గర నార్మన్ క్రాస్ అనే చోట మరో చెరసాల తెరుచుకుంది. యుద్ధఖైదీల కోసమే ప్రత్యేకంగా కట్టిన మొదటి శిబిరంగా దానికి పేరు. ఫ్రెంచివాళ్లు, డచ్చివాళ్లు కిక్కిరిసి, ఒక దశలో ఏడు వేల మంది దాకా ఉన్నారు. ఓడ బొమ్మల చరిత్ర రాసేవాళ్లెవరూ ఆ శిబిరాన్ని దాటి పోలేరు.

బొక్కలతో ఓడలు

అక్కడి ఖైదీలు తిండిలో మిగిలిన పశువుల బొక్కలను పారేయలేదు. కడిగి, ఆరబెట్టి, సన్నటి పలకలుగా కోసి, వాటితో యుద్ధనౌకలు కట్టారు. తెరచాప తాళ్లకు కొందరు మనుషుల వెంట్రుకలే వాడారు. కొన్ని ఓడల్లో దారం లాగితే వరసగా ఉన్న బుల్లి ఫిరంగులన్నీ ఒక్కసారి లోపలికి పోతాయి, వదిలితే మళ్లీ మూతి బయట పెడతాయి. అంత చిన్న వస్తువులో అంత పనితనం!

ఇదంతా ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. సముద్రం మీద బతికినవాడికి ఏ తాడు ఎక్కడ మొదలై ఎక్కడ ముడిపడుతుందో కంఠతా వచ్చు, కానీ బొక్క చెక్కడం రాదు. దంతపు పనివాడికి చెక్కడం తెలుసు, తాళ్ల సంగతి తెలియదు. ఇద్దరూ ఒక చోట కూర్చుంటేనే ఓడ. చేతిలో నక్షా లేదు, గుర్తున్న కొలతలే ఆధారం. అందుకే చాలా నమూనాల్లో తెరచాప కొయ్యలు ఉండాల్సినదానికన్నా పొడుగ్గా ఉంటాయి. శిబిరం గేటు దగ్గర బజారు పెట్టుకోనిచ్చేవారు. కొనేది ఇంగ్లిష్‌వాళ్లు గనక ఫ్రెంచి చేతులు చేసిన ఓడకు ఇంగ్లిష్ నౌక పేరు పెట్టి అమ్మిన సందర్భాలూ ఉన్నాయి. శిబిరం 1814లో మూతపడింది. ఆ పనులు ఇప్పటికీ పీటర్‌బరో మ్యూజియంలో ఉన్నాయి.

వాళ్లది పొట్టకూటి పనే, కాదనలేం. సరదా కోసం చేసేవాళ్లు జట్టు కట్టడం తర్వాతి కథ. 1898లో లండన్‌లో పెర్సివల్ మార్షల్ అనే ఆయన ‘మోడల్ ఇంజనీర్’ పత్రిక మొదలుపెట్టాడు. ఇంటి వెనక కొట్టంలో లేత్ పెట్టుకుని ఆవిరి ఇంజన్లూ పడవలూ చేసుకునేవాళ్లు దాని పాఠకులు. ఎవరి కొట్టం వాళ్లది, ఎవరి తంటా వాళ్లది. అదే ఏడాది మార్షల్ చొరవతో వాళ్లంతా ఒక సంఘంగా ఏర్పడ్డారు. తాము చేసింది నలుగురి ముందు పెట్టి, నలుగురి మాట వినే అలవాటు ఆ హాబీకి అలా స్థిరపడింది.

మన దగ్గర ఓడ పాఠం

తెలుగు నేల మీద పిల్లలు పద్ధతిగా ఓడ నమూనాలు నేర్చుకునే చోటు ఎన్‌సీసీ నౌకా విభాగం. 1952లో మొదలైన ఈ విభాగానికి విశాఖపట్నం, కాకినాడ లాంటి రేవు పట్నాల్లోనే కాక, సముద్రం కనుచూపు మేరలో లేని సికింద్రాబాద్‌లోనూ యూనిట్ ఉంది. దేశవ్యాప్తంగా జరిగే నౌసైనిక్ శిబిరంలో పడవ నడపడం, జెండాలతో సంకేతాలివ్వడం లాంటి పోటీలతో పాటు ఓడ నమూనాల పోటీ కూడా ఉంటుంది. అందులో మూడు రకాలు: అద్దాల పెట్టెలో పెట్టి చూసే నమూనా, మోటారుతో నడిచేది, గాలితో నడిచేది. మొదటిదానికి నీళ్లతో పని లేదు. మిగతా రెండూ నీళ్లలో పాసవ్వాలి.

నీళ్లతో అబద్ధం చెల్లదు. ఓడ పొట్టకు పలకలు వేసే తీరే చూడండి. బద్దను నీళ్లలో నానబెట్టి, వంపుకు తగ్గట్టు వంచి, క్లిప్పులు బిగించి, జిగురు ఆరేదాకా ఆగాలి. కుడివైపు ఒకటి వేస్తే ఎడమవైపు ఒకటి వేయాలి. తొందరపడి ఒక పక్కే వేసుకుంటూ పోతే ఆ లాగుడుకు లోపలి చట్రమంతా మెలి తిరుగుతుంది. అలాంటి ఓడ చుక్కాని తిన్నగా పెట్టినా వంకరగానే పోతుంది.

చేసినవాడికి ఆ మెలి కనబడదు. వారాల తరబడి దాన్నే చూస్తూ ఉంటాడు గనక కన్ను అలవాటు పడిపోతుంది. పక్కవాడు ఒక్క చూపులో పట్టేస్తాడు. అప్పుడు ‘సూపర్ ఉందిరా’ అని తప్పుకోవడం సులువు. ‘అన్నా, ఈడ మెలి పడ్డది. రెండు బద్దలు ఊడదీద్దాం, నువ్వు పట్టుకో’ అనేవాడు దొరకడమే అదృష్టం. ఆ మాట మొదట చివుక్కుమనిపిస్తుంది. కానీ పని చెడిపోతే తనూ కూర్చుని సరిచేస్తానన్న భరోసా అందులోనే ఉంది. తాళ్లు కట్టే దశలో వందల ముడులు వేయలేక చాలా ఓడలు అటకెక్కుతాయి. అక్కడా ‘ఎంతదాకా వచ్చింది?’ అని వారం వారం అడిగేవాడు ఒకడుంటే పని మళ్లీ బల్ల మీదికొస్తుంది.

నీటి జాడలు

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతానికి ఓడలేంటని అనుకోనక్కర్లేదు. సంగారెడ్డికి దగ్గరి కొండాపూర్‌లో 1940ల మొదట్లో నిజాం పురావస్తు శాఖ తవ్వితే సాతవాహనుల నాణేలతో పాటు రోమన్ నాణేలూ బయటపడ్డాయి. సముద్రం మీది వర్తకం ఇంత లోపలికీ తాకిందన్నమాట. ఆ సాతవాహనులే తర్వాతి కాలంలో రెండు కొయ్యల ఓడ బొమ్మతో నాణేలు వేశారు. అవి కోరమండల్ తీరంలో దొరికాయి. ఈ కాలానికొస్తే, సంగారెడ్డి జిల్లాలోనే ఉన్న ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో తయారయ్యే ‘శరత్’ సైనిక వాహనం 14 టన్నుల పైచిలుకు బరువుండి కూడా నీళ్లలో ఈదుతూ పోతుంది. ఇనుమును తేల్చే లెక్క ఈ జిల్లా చేతులకు కొత్త కాదు.

రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ 1960ల నుంచి ఇక్కడ టర్నర్లనూ ఫిట్టర్లనూ వెల్డర్లనూ తరాలుగా తయారుచేసింది. చుట్టూ ఉన్న చిన్న వర్క్‌షాపుల్లో మిల్లీమీటరులో వందో వంతు తేడాను పట్టే చేతులున్నాయి. ప్లైవుడ్ ముక్కలకూ ఇత్తడి కడ్డీలకూ కరువు లేదు. రిటైరైన ఫిట్టరుకు పనితనం ఉంది, ఓడ తాళ్ల సంగతి తెలియదు. ఎన్‌సీసీలో ఓడ చేసొచ్చిన కుర్రాడికి తాళ్లు తెలుసు, చెయ్యి ఇంకా కుదరలేదు. నార్మన్ క్రాస్‌లో దంతపు పనివాడూ నావికుడూ కలిసినట్టు వీళ్లిద్దరూ కలవాలి. అందుకు సంఘం, రిజిస్ట్రేషన్, చందా రసీదులు ముందే అక్కర్లేదు. కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆదివారం పొద్దున రెండు గంటలు ఒక బల్ల ఖాళీగా దొరికితే చాలు. ఒక్కటే షరతు: పూర్తయినవి ఇంట్లోనే ఉంచి, సగంలో ఆగినవి పట్టుకురావాలి.