పాతబడే తీరిక లేని సారా

అక్టోబరు 1న మొదలై సెప్టెంబరు 30తో ముగిసేది ఆబ్కారీ సంవత్సరం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా దుకాణాల హర్రాజులు ఈ లెక్కనే సాగేవి. గద్వాలలోనో గట్టులోనో పాట పాడిన గుత్తేదారుకు పన్నెండు నెలలే గడువు. వచ్చే ఏడు దుకాణం ఎవరి చేతికి పోతుందో తెలియదు. పెట్టిన సొమ్ము వడ్డీతో సహా ఈ ఏడాదిలోనే రాబట్టుకోవాలి. అలాంటివాడు పన్నెండేళ్ల తర్వాత తెరిచే పీపాలో సారా పోసి తాళం వేస్తాడా? నడిగడ్డలో, వనపర్తిలో, నాగర్‌కర్నూలులో జనం తాగిన సారాకు వయసన్నదే లేకపోవడానికి కారణం వెతికితే నాకు మొదట తగిలేది ఈ హర్రాజు కాగితమే.

చెరకునే నమ్ముకున్న మరో నేలలో కథ ఇంకోలా నడిచింది. కరీబియన్ సముద్రంలోని జమైకా దీవి రమ్ము సీసాల మీద 8, 12, 21 అని అంకెలుంటాయి. ఆ సీసాలో కలిపిన రమ్ముల్లో అన్నిటికన్నా చిన్నదాని వయసది. మిగతావన్నీ అంతకు పెద్దవే. 1962లో జమైకాకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడు పీపాలకెత్తిన రమ్మును ఆపిల్టన్ ఎస్టేట్ 2012లో, స్వర్ణోత్సవాలప్పుడు, 800 సీసాలకు నింపింది. ఆ ఓపిక ఖరీదు లెక్కేస్తే కళ్లు తిరుగుతాయి. అమెరికాలో బోర్బన్ విస్కీ పట్టి ఖాళీ చేసిన ఓక్ పీపాలో సుమారు 200 లీటర్లు పడుతుంది. జమైకా ఎండకు ఏటా ఆరు శాతం దాకా గాలిలో కలిసిపోతుంది. పన్నెండేళ్లకు 95 లీటర్లు, ఇరవై ఒకటికి 54, యాభై ఏళ్లకు తొమ్మిదో పదో లీటర్లు మిగులుతాయి. స్కాట్లండ్ చలిలో ఈ తరుగు రెండు శాతమే. అందుకే పన్నెండేళ్ల జమైకా రమ్మును పన్నెండేళ్ల స్కాచ్‌తో వయసు చూసి పోల్చడం తప్పు.

అయితే జమైకా రమ్ముకు పేరు తెచ్చింది పీపా ఒక్కటే అనుకోవద్దు. అసలు పని అంతకుముందే, ఊటలో జరుగుతుంది. బట్టీ దించాక అడుగున మిగిలే పుల్లటి నల్లనీళ్లను అక్కడ డండర్ అంటారు. దాన్ని పారబోయకుండా మొలాసిస్‌లో, చెరకు రసంలో కలిపి మళ్లీ పులియబెడతారు. కొన్ని ఎస్టేట్లలో నేలలో తవ్విన గుంటల్లో డండరూ చెరకు పిప్పీ ఏళ్ల తరబడి కుళ్లుతూ ఉంటాయి. ఆ మడ్డిని మక్ అంటారు. అదీ కొంచెం ఊటలో పడుతుంది. హాంప్‌డెన్ ఎస్టేట్‌లో కొన్న ఈస్టు వాడరు. పాత చెక్క తొట్లకు, దూలాలకు పట్టుకుని ఉన్న ఈస్టే పని చేస్తుంది. మూత లేని తొట్లలో ఊట వారాల తరబడి బుగ్గలు కక్కుతుంది. ఆ కుళ్లులోని బ్యాక్టీరియా ఆమ్లాలను పుట్టిస్తే, ఆమ్లాలు ఆల్కహాల్‌తో కలిసి ఎస్టర్లవుతాయి. మాగిన అరటిపండు వాసనకూ అనాసపండు వాసనకూ కారణం ఈ ఎస్టర్లే. జమైకా బట్టీలవాళ్లు వీటిని గ్రాముల్లో కొలిచి, కొలతను బట్టి రమ్ముకు గుర్తులు వేస్తారు. నూరు లీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్‌కు 1600 గ్రాముల ఎస్టర్లు చట్టం ఒప్పుకునే హద్దు. హాంప్‌డెన్‌లో డీఓకే అనే గుర్తు ఆ హద్దును తాకుతుంది. దాన్ని నేరుగా తాగడం కష్టం. మిఠాయిలకు, అత్తర్లకు, వేరే రమ్ముల్లో కలపడానికి పోతుంది.

ఇంత ఘాటు రమ్ము పుట్టడానికి కారణం కూడా పన్నే. 1889లో జర్మనీ రమ్ము మీద దిగుమతి సుంకం బాగా పెంచింది. సుంకం పరిమాణాన్ని బట్టి కనుక, తక్కువ తెచ్చుకుని ఎక్కువ చేసుకునే ఉపాయం వెతికారు అక్కడి వర్తకులు. ఒక్క పాలు జమైకా రమ్ముకు ఎన్నో పాళ్లు ఉత్త స్పిరిట్ కలిపినా వాసన నిలవాలి. వాళ్ల కోసమే జమైకా వాళ్లు ఎస్టర్లను అంతంత పెంచారు. ఖజానా వేసే పన్ను ఒక దేశపు తాగుడు రుచినే మార్చేస్తుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇంకో సంగతి. ఈ రమ్మును పాతబరిచిందీ, ఆ లాభం తిన్నదీ శతాబ్దాల పాటు జమైకా కాదు. బానిసలు చెరకు నరికి, బట్టీ వండి దింపిన రమ్ము పీపాలతో పడవలెక్కేది. లండన్ రేవుల గోదాముల్లో, సుంకం కట్టేదాకా తాళాల కింద, అది పాతబడేది. 1753 నాటి హాంప్‌డెన్ ఎస్టేట్ సొంత పేరుతో, సొంత గోదాములో పాతబరిచిన రమ్మును సీసాకెత్తి అమ్మింది 2018లో. రెండున్నర శతాబ్దాలు పైబడి వండిన వాళ్లకు వేచి చూసే భాగ్యం అప్పటిదాకా దక్కలేదు.

మళ్లీ మన వైపుకొస్తే, నిజాం రాజ్యంలో సర్కారు సారాకు ప్రధానమైన ముడిసరుకు ఇప్పపువ్వు. ఆబ్కారీ సర్కారు పెద్ద రాబళ్లలో ఒకటి. దానికి 1316 ఫసలీలో ప్రత్యేకంగా చట్టమే చేశారు. గుత్త పట్టేవాడు ముస్తాజరు. అడవి ఇప్పపువ్వు హైదరాబాద్ నారాయణగూడ డిస్టిలరీలోకి వెళ్లి సారాగా తిరిగొచ్చేది. నల్లమలలో చెంచులు సొంతంగా కాచుకునే ఇప్పసారా, దేవరకు పెట్టుకునే నాలుగు చుక్కలు, ఆ చట్టం కంటికి నేరం. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చాక మొలాసిస్ గుట్టలు పడ్డాయి, ఆల్కహాల్ బట్టీ కూడా వెలిసింది. రమ్ముకు కావలసిన సరుకంతా ఇంట్లోనే ఉంది. రుచి గురించి ఆలోచించినవాడే లేడు. ఆబ్కారీ దస్త్రానికి కావలసింది లీటర్లు, డిగ్రీలు, రూపాయలు.

ఆ తర్వాతి చరిత్ర చాలామందికి కళ్ల ముందు జరిగిందే. ఎన్టీఆర్ హయాంలో వారుణి వాహిని పేరుతో సర్కారు సారా ఊళ్లకు పారింది. దాని మీద నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు లేచారు. 1993 అక్టోబరు 1న, సరిగ్గా ఆబ్కారీ సంవత్సరం మొదలయ్యే రోజునే, కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత. పొద్దున లేస్తే రాయచూరు వైపు చూసే గట్టు లాంటి సరిహద్దు ఊళ్లకు ఆ రెండేళ్ల నిషేధం ఎంతమాత్రమో వేరే చెప్పక్కర్లేదు. కర్ణాటకలో సారా 2007 దాకా చట్టబద్ధమే.

దుకాణం మూతపడ్డాక ఊళ్లో మిగిలింది గుడుంబా. నల్లబెల్లం నీళ్లలో నానేసి, పటిక వేసి, నాలుగైదు రోజులు పులియనిచ్చి, ఊటను పొయ్యి మీద కాస్తారు. పై గిన్నెలో చన్నీళ్లు పోస్తే ఆవిరి చల్లబడి చుక్కలుగా దిగుతుంది. నిర్వచనం ప్రకారం ఇదీ రమ్మే. చెరకు నుంచి వచ్చింది, పులిసింది, బట్టీలో దిగింది. తేడా ఎక్కడంటే, హాంప్‌డెన్ తొట్టెకు వారాలు దొరికితే గుడుంబా కుండకు ఎక్సైజు జీపు వచ్చేలోగా దొరికిన వ్యవధే దిక్కు. తొందరకు యూరియా, అమ్మోనియం సల్ఫేటు పడతాయి. మొదట దిగే విషపు చుక్కలను పక్కన పారబోసే ఓపిక ఉండదు. అంత అడ్డదారిలో చేసిన సరుకు మనుషుల్ని చంపింది, ఇళ్లు కూల్చింది; దాన్ని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. తెలంగాణ వచ్చాక దాడులు పెరిగాయి, కాచేవాళ్లకు వేరే బతుకుతెరువు కింద 2 లక్షల రూపాయల సాయమూ ఇచ్చారు. కల్లు సంగతీ ఇంతే. చెట్టు దిగిన పూటే తాగాల్సిన కల్లులో క్లోరల్ హైడ్రేటు, డైజిపాం కలిపి మత్తు అమ్మే వ్యాపారం పాలమూరును ఎంత పీడించిందో ఆసుపత్రులకు తెలుసు.

డండర్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 2025 జూన్‌లో రాజోలి మండలం పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ పనుల్ని రైతులు అడ్డుకున్నారు, గొడవై అరెస్టులదాకా పోయింది. వాళ్ల భయం బట్టీ విడిచే మురుగునీళ్ల గురించే. జమైకాలో ఆ నీళ్లను కొంత మళ్లీ ఊటలో వాడినా, మిగిలింది ఏట్లో కలిసి చేపలు చచ్చాయన్న ఫిర్యాదులు అక్కడా మామూలే. సీసా మీద ఎంత అందమైన బొమ్మ వేసినా బట్టీ పక్కూరికి ఆ కంపు తప్పదు.

తెలుగువాళ్లకూ ఈ రమ్ము లోకానికీ చుట్టరికం లేకపోలేదు. 1834లో బానిసత్వం రద్దయ్యాక చెరకు దొరలకు కూలీలు కరువయ్యారు. 1843లో కోరంగి రేవు నుంచి కోరింగా ప్యాకెట్ అనే ఓడ తెలుగు కూలీలను మారిషస్ తోటలకు తీసుకుపోయింది. 1845 మే 10న బ్లండెల్ ఓడ కలకత్తా నుంచి 261 మందిని జమైకా ఓల్డ్ హార్బర్ బేలో దించింది. తర్వాతి రెండేళ్లలో మద్రాసు నుంచీ ఓడలు వెళ్లాయి. 1917 దాకా 36 వేలకు పైగా భారతీయులు ఆ దీవికి చేరారు. బ్రిటిష్ ఏలుబడిలోని రేవులకు నిజాం ఇలాకా దూరం కనుక మన నడిగడ్డ కూలీ ఆ ఓడలెక్కిన జాడ పెద్దగా లేదు. మన ప్రాంతపు వలస పాలమూరు లేబరై, తట్టా పారా పట్టుకుని ఆనకట్టల మీదికి పోయింది.

ఇక రుచి. విదేశాల నుంచి వచ్చిన మేనల్లుడు తెచ్చిన మూడు జమైకా సీసాలను గద్వాలలో, చల్లటి పూట, ఐసు లేకుండా చూశాం. దిగుమతి సుంకమే 150 శాతమున్న దేశంలో ఇలా చేతిసంచిలో వస్తే తప్ప ఇవి మనబోటివాళ్లకు అందవు. పక్కన ఒకప్పుడు సారా దుకాణంలో లెక్కలు రాసిన పెద్దాయన ఉన్నారు. మొదట ఆపిల్టన్ 12 ఏళ్లది, 43 శాతం. రాగి బట్టీలో దింపినదీ పొడవాటి స్తంభంలాంటి కాలమ్ బట్టీలో దింపినదీ కలిపి చేస్తారు. 1997లో ఆ కలపడం బాధ్యత జాయ్ స్పెన్స్ చేతికొచ్చింది. పెద్ద రమ్ము కంపెనీల్లో ఆ హోదాకొచ్చిన తొలి మహిళ ఆమె. ఎండిన నారింజ తొక్క, వెనిలా, చివర్న చెక్క వగరు. మర్యాదైన రమ్ము. పెద్దాయన ఒక్క గుక్క తాగి, "సాఫ్‌గా ఉందప్పా, దొరల తాగుడు" అన్నారు.

తర్వాత వర్దీ పార్క్ సింగిల్ ఎస్టేట్ రిజర్వు, 45 శాతం. 1670 నాటి ఎస్టేట్, కానీ దశాబ్దాల విరామం తర్వాత 2005లోనే బట్టీ మళ్లీ వెలిగింది. ఇది పూర్తిగా రాగి బట్టీ సరుకు. గ్లాసు ముక్కుకు ఆనించకముందే అరటిపండు, అదీ తొక్క నల్లబడిన అరటిపండు. నోట్లో పాకం, మిరియం. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఆఖర్న హాంప్‌డెన్ 8 ఏళ్లది, 46 శాతం. సీసా మూత తీయగానే గది మారిపోయింది. కుళ్లడానికి సిద్ధంగా ఉన్న అనాస, వార్నిష్, ఉప్పులో ఊరిన కాయ, పొగ. పెద్దాయన గ్లాసు పట్టుకుని చాలాసేపు వాసనే చూశారు. "ఇది ఊట వాసనప్పా. పోలీసోళ్లు కుండలు పగలగొట్టి పారబోసిన్నాడు ఊరంతా ఇదే కొడుతుండె" అన్నారు. నేను చదివిన రుచి వర్ణనలన్నిటికన్నా ఈ మాటే నాకు హాంప్‌డెన్‌ను బాగా పట్టిచ్చింది.

వయసు ఒక్కటే చూసేవాళ్లు పోల్చి చూడాల్సింది ఓల్డ్ మాంక్‌ను. 1954 డిసెంబరులో మోహన్ మీకిన్ వాళ్లు తెచ్చిన ఈ రమ్ము సీసా మీద ఏడేళ్లని ఉంటుంది. హాంప్‌డెన్‌కు ఒక్క ఏడు తక్కువ. కానీ రెండూ ఒక కులానివని ఎవరూ అనలేరు. ఓల్డ్ మాంక్‌లో తీపి, వెనిలా నిలుస్తాయి. మన దేశంలో రమ్మంటే ఎక్కువగా కాలమ్ బట్టీలో వాసనంతా వడగట్టిన మొలాసిస్ స్పిరిట్టే. వాసన లేని దాన్ని పీపాలో ఎన్నేళ్లుంచినా పీపా వాసనే పడుతుంది. మన వైపు మిలిటరీ క్యాంటీన్ కోటాలో ఇంటికొచ్చే రమ్ము మీద పెరిగినవాళ్లకు హాంప్‌డెన్ మొదటిసారి చెడిపోయిన సరుకులా తోస్తే తప్పు పట్టలేం.

బెల్లం రమ్ముకు వయసు కట్టే ప్రయత్నం దగ్గర్లో జరిగింది బెంగళూరులో. అమృత్ డిస్టిలరీ టూ ఇండీస్ అనే రమ్ములో జమైకా, బార్బడోస్, గయానా సరుకుతో మన బెల్లపు రమ్మును కలిపింది. ఆ తర్వాత బెల్ల పేరుతో ఉత్త బెల్లం రమ్మునే పాతబరిచి తెచ్చింది. బెంగళూరు గోదాముల్లో తరుగు ఏటా పది పన్నెండు శాతం అంటారు. ఆ లెక్కన పదేళ్లకు పీపాలో సుమారు మూడో వంతే మిగులుతుంది. నలభై రెండు డిగ్రీలు కాసే గద్వాలలో అదే పీపా పెడితే ఐదేళ్లకే మూత తెరవాల్సి రావచ్చు.