బొమ్మల ఫార్మాటు మార్పిడి

బొమ్మల ఫార్మాటు మార్పిడి అనగా కంప్యూటరులో ఒక పద్ధతిలో భద్రపరచిన బొమ్మను వేరొక పద్ధతికి చెందిన ఫైలుగా మార్చడం. కెమెరాతో తీసిన ఫోటో, స్కానరుతో తీసిన పుస్తకపు పుట, కంప్యూటరులో గీసిన పటం కంటికి బొమ్మలే అయినా, ఒక్కొక్కటి ఒక్కో విధంగా నిల్వ ఉంటుంది. ఫైలు పేరు చివర ఉన్న జేపీజీ అనే అక్షరాలను తీసి పీఎన్‌జీ అని వ్రాసినంత మాత్రాన ఫార్మాటు మారదు. పాత ఫైలులోని సమాచారాన్ని విప్పి, కొత్త పద్ధతిలో మరల వ్రాసినప్పుడే మార్పిడి జరుగుతుంది. ఇందులో ఒకసారి పోయిన వివరం తరువాత చేసే ఏ మార్పిడితోనూ తిరిగి రాదు.

బొమ్మలలో రకాలు

కంప్యూటరు బొమ్మలు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది రాస్టర్ బొమ్మ. ఇది పిక్సెళ్ళు అనబడే చిన్న చిన్న గడులతో ఏర్పడుతుంది, ప్రతి గడికీ ఒక రంగు ఉంటుంది. రెండవది వెక్టర్ బొమ్మ. ఇందులో గడులకు బదులు గీతలు, వంపులు, ఆకారాల వర్ణన ఉంటుంది. కాబట్టి ఎంత పెద్దది చేసినా అంచులు చెదరవు.

రాస్టర్ బొమ్మలు ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి. 1600 పిక్సెళ్ళ వెడల్పు, 1200 పిక్సెళ్ళ ఎత్తు గల రంగుల ఫోటోకు, పిక్సెలుకు 3 బైట్ల చొప్పున, 57,60,000 బైట్లు అవసరం. అందువలన చాలా ఫార్మాట్లు సమాచారాన్ని కుదించి నిల్వ చేస్తాయి. కుదింపు కూడా రెండు విధాలు. విప్పినప్పుడు ప్రతి పిక్సెలూ యథాతథంగా వచ్చేది నష్టరహిత కుదింపు. కన్ను సులభంగా గుర్తించని వివరాలను వదిలివేసేది నష్టసహిత కుదింపు.

ముఖ్యమైన ఫార్మాట్లు

* టిఫ్: 1986లో ఆల్డస్ సంస్థ రూపొందించింది. స్కానింగు, ముద్రణ రంగాలలో ఎక్కువగా వాడతారు.
* జిఫ్: 1987లో కంప్యూసర్వ్ సంస్థ విడుదల చేసింది. ఒక బొమ్మలో 256 రంగులకు మించి ఉండవు. కదిలే బొమ్మలకు ప్రసిద్ధి.
* జేపెగ్: 1992లో ప్రమాణంగా వెలువడింది. నష్టసహిత కుదింపును వాడుతుంది, ఫోటోలకు అనువైనది.
* పీఎన్‌జీ: జిఫ్‌లో వాడిన కుదింపు పద్ధతిపై పేటెంటు వివాదం తలెత్తడంతో దానికి ప్రత్యామ్నాయంగా రూపొందింది. 1996లో వెలువడింది. నష్టం లేకుండా కుదిస్తుంది, పారదర్శకతను కూడా నిల్వ చేస్తుంది.
* ఎస్‌వీజీ: 2001లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ఆమోదించిన వెక్టర్ ఫార్మాటు.
* వెబ్‌పీ: 2010లో గూగుల్ ప్రకటించింది. రెండు విధాల కుదింపులనూ చేయగలదు.

ఉదాహరణ: బహదూర్‌పురా బొమ్మలు

హైదరాబాదు పాతబస్తీలోని బహదూర్‌పురా గురించి వ్రాసే వ్యాసానికి బొమ్మలు సిద్ధం చేయడాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. 1963 అక్టోబరు 6న ప్రారంభమైన నెహ్రూ జంతుప్రదర్శనశాల ఇక్కడే, మీర్ ఆలం చెరువు ప్రక్కన ఉంది. అక్కడ తీసిన పులి ఫోటోలో గడ్డి, నీడ, వెంట్రుకలు వంటి లెక్కలేనన్ని రంగుల ఛాయలు ఉంటాయి. దీనికి జేపెగ్ సరిపోతుంది. అదే ఫోటోను జిఫ్‌గా మార్చితే 256 రంగులే మిగిలి, ఆకాశంలో చారలు కనిపిస్తాయి. పీఎన్‌జీగా మార్చితే ఫైలు సాధారణంగా చాలా పెద్దదవుతుంది కాని, జేపెగ్ వదిలివేసిన వివరాలు తిరిగి రావు.

బహదూర్‌పురా మండలపు పటం సంగతి వేరు. పటంలో రంగులు కొన్నే, గీతలు, ఊరి పేర్లు ఎక్కువ. జేపెగ్ బొమ్మను 8 పిక్సెళ్ళ వెడల్పు, 8 పిక్సెళ్ళ ఎత్తు గల గడులుగా విభజించి కుదిస్తుంది. అందువలన గీతల చుట్టూ, తెలుగు అక్షరాల అంచుల వద్ద మరకల వంటి మసక ఏర్పడుతుంది. పటాలకు ఎస్‌వీజీ గాని, పీఎన్‌జీ గాని తగినవి. అయితే ఎస్‌వీజీ పటాన్ని వికీపీడియా సర్వరు పీఎన్‌జీగా మార్చి చూపుతుంది. ఇటువంటి మార్పిడి చేసే కంప్యూటరులో తగిన తెలుగు ఫాంటు లేకపోతే అక్షరాల స్థానంలో డబ్బాలు కనిపించవచ్చు. పేర్లను ముందుగానే గీతలుగా మార్చి భద్రపరిస్తే ఈ ఇబ్బంది ఉండదు కాని, ఆ పేర్లను తరువాత సవరించడం కష్టమవుతుంది. అందువలన సవరించదగిన ప్రతిని కూడా ఉంచుకోవాలి.

పాత తెలుగు పుస్తకాలు

మార్పిడి వలన కలిగే మేలు, కీడు రెండూ స్పష్టంగా కనిపించేది పాత పుస్తకాల విషయంలో. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో అనేక తెలుగు పుస్తకాలను స్కాను చేశారు. హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక విజ్ఞాన సంస్థ ఈ పథకపు ముఖ్య కేంద్రాలలో ఒకటి. పుస్తకంలోని ప్రతి పుటా ఒక టిఫ్ ఫైలుగా ఉండడంతో పాఠకుడు ఒక్కొక్క పుటనే తెరచి చదవవలసి వచ్చేది. పుటలన్నిటినీ దించుకొని ఒకే పీడీఎఫ్‌గా కూర్చే చిన్న ప్రోగ్రాములను ఔత్సాహికులు తయారు చేశారు. 2017లో ఆ వెబ్‌సైటు మూతబడింది. అప్పటికే ప్రతులు చేసిన పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లభిస్తున్నాయి. 2005లో మొదలైన తెలుగు వికీసోర్స్‌లో ఇటువంటి పుస్తకాల పీడీఎఫ్, డెజావూ ఫైళ్ళను ప్రక్కన పెట్టుకొని పాఠాన్ని టైపు చేసి, అచ్చుతప్పులు దిద్దుతారు.

6 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల ఎత్తు గల పుటను అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాను చేస్తే 1,94,40,000 పిక్సెళ్ళు వస్తాయి. పూర్తి రంగులలో దీనికి 5,83,20,000 బైట్లు కావాలి. నలుపు తెలుపులుగా మాత్రమే ఉంచితే 24,30,000 బైట్లు చాలు. చోటు ఆదా చేయడానికి స్పష్టతను మరీ తగ్గిస్తే తెలుగు లిపికి హాని కలుగుతుంది. ద, ధ అక్షరాలకు తేడా ఒక చిన్న గీత, ర, ఠ అక్షరాలకు తేడా ఒక చుక్క. అవి చెరిగితే పదమే మారిపోతుంది.

ఒకే రకంగా కనిపించే అక్షరాలకు ఒకే ఆకారాన్ని వాడే కుదింపు పద్ధతులలో మరొక ప్రమాదం ఉంది. కొన్ని జిరాక్స్ యంత్రాలు స్కాను చేసిన కాగితాలలో ఒక అంకె స్థానంలో మరొక అంకెను చూపుతున్నాయని 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీసెల్ వెల్లడించాడు. బొమ్మ మసకగా ఉంటే పాఠకుడు అనుమానిస్తాడు. స్పష్టంగా ఉండి తప్పుగా ఉంటే అనుమానించడు. మూలప్రతి చెదలు పట్టి పోయిన పుస్తకానికి ఈ ఫైలే మిగిలిన సాక్ష్యం కావచ్చు.

మార్పిడి ఉపకరణాలు

విండోస్‌లోని పెయింట్ ప్రోగ్రాములో బొమ్మను తెరచి వేరొక ఫార్మాటులో భద్రపరచడం అన్నిటికంటే సులువైన పద్ధతి. గింప్, ఇర్ఫాన్‌వ్యూ ప్రోగ్రాములలో కుదింపు స్థాయిని ఎంచుకోవచ్చు. వందలాది బొమ్మలను ఒకేసారి మార్చడానికి ఇమేజ్‌మ్యాజిక్, వెక్టర్ బొమ్మలకు ఇంక్‌స్కేప్ ఉపయోగపడతాయి. ఇవన్నీ ఉచితంగా లభిస్తాయి. బొమ్మను తమ సర్వరుకు పంపించుకొని మార్చి ఇచ్చే వెబ్‌సైట్లలో గుర్తింపు కార్డులు, వ్యక్తిగత పత్రాలు ఎక్కించకపోవడం మంచిది.

పాటించవలసిన జాగ్రత్తలు

* మార్పిడికి ముందు మూల ఫైలుకు ప్రతి తీసి వేరుగా ఉంచాలి.
* జేపెగ్ బొమ్మను మాటిమాటికీ సవరించి భద్రపరిస్తే నాణ్యత తగ్గుతూ పోతుంది. సవరణలు నష్టరహిత ఫార్మాటులో చేసి, చివరగా ఒక్కసారే జేపెగ్‌గా మార్చాలి.
* జేపెగ్‌లో పారదర్శకత ఉండదు. పారదర్శకంగా ఉన్న భాగం తెల్లగా గాని, నల్లగా గాని మారుతుంది.
* ఫోటో తీసిన తేదీ, స్థలం వంటి వివరాలు మార్పిడిలో పోవచ్చు. చరిత్రకు పనికివచ్చే ఫోటోలకు వీటిని వేరుగా వ్రాసి ఉంచాలి.
* పుస్తకాల విషయంలో, మార్చిన తరువాత కొన్ని పుటలనైనా మూలంతో పోల్చి చూడాలి.

ఇవి కూడా చూడండి

* డిజిటల్ కెమెరా
* తెలుగు లిపి
* వికీసోర్స్
* నెహ్రూ జంతుప్రదర్శనశాల